ఇంటి ఈతకొలను: కాంక్రీటా, ఫైబరా, లైనరా?

ఒకప్పుడు ఇంటి ఆవరణలో ఈతకొలను అంటే సినిమాలో హీరోయిన్ తండ్రి బంగళాకే పరిమితం. ఇప్పుడు హైదరాబాదు శివార్లలో ఏ విల్లా బ్రోషరు తెరిచినా నీలం నీళ్లు కనిపిస్తాయి. వారాంతాలకు అద్దెకిచ్చే ఫామ్‌హౌసుల ప్రకటనల్లో పడకగదుల కన్నా ముందు పూల్ ఫొటో వస్తుంది. విజయవాడ, విశాఖ, రాజమండ్రి ఇళ్ల ప్లానుల్లోకీ ఆ నీలి గడి చేరింది. కట్టించాలనుకున్నవాళ్లు మాత్రం మొదటి వారంలోనే తికమకలో పడుతున్నారు. ఆర్‌సీసీ తప్ప మరేదీ నిలవదని సివిల్ కాంట్రాక్టరు అంటాడు. కాంక్రీటు ఎప్పటికైనా కారేదే, ఫైబర్‌గ్లాసు తొట్టి దించుకుంటే నెల తిరక్కుండా ఈదొచ్చని ఇంకొకరు అంటారు. ఆ రెండింటికీ అంత డబ్బు దండగ, గోడలు లేపి లోపల పీవీసీ లైనర్ పరిస్తే చాలని మూడోవారి మాట.

ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. చిక్కల్లా, ఈ వాదాలు చాలావరకు అమెరికా, ఆస్ట్రేలియాల్లో పుట్టి, అక్కడి నేలకూ చలికీ కూలిరేట్లకూ తగ్గట్టు తయారై, తర్వాత మన దగ్గరికి వచ్చాయి. ఇక్కడి నల్లరేగడి గురించి, కాలువల కింది ఊట గురించి, బోరు నీళ్ల గురించి వాటిలో ఉండదు. తొట్టి దేనితో చెయ్యాలన్నది నిజానికి మూడో ప్రశ్న. అడుగున ఎలాంటి నేల ఉంది, వానాకాలంలో భూగర్భజలం ఎంతవరకు లేస్తుంది అన్నవి మొదటి రెండు. వాటికి జవాబు రాకముందు మూడోదాని మీద జరిగే చర్చంతా అమ్మకం మాటగానే మిగులుతుంది.

తగాదా ఎక్కడ మొదలైంది

నీళ్లు నిలిపే కట్టడంలో రెండు పనులున్నాయి. మట్టి, నీటి ఒత్తిళ్లను తట్టుకుని నిలబడడం ఒకటి, నీటిని బయటికి పోనివ్వకపోవడం మరొకటి. మొహెంజొదారో మహాస్నానవాటిక కట్టినవాళ్లకే ఈ సంగతి తెలుసు. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతున్న ఆ కొలనుకు ఇటుక గోడ బలాన్నిచ్చింది. నీరు ఆపడానికి జిప్సం కలిపిన సన్నని అతుకులు, వెనక బిటుమెన్ పొర ఉన్నాయి. ఈ రెండు పనులూ ఒకే పదార్థంతో చెయ్యాలా, వేర్వేరు పదార్థాలతోనా అన్నదే నేటి మూడు పక్షాల అసలు భేదం.

ఆధునిక చరిత్ర ఒక విచిత్రమైన చోట మొదలవుతుంది. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మాలకు రూపం పోసే కార్ల్ ఎకెలీ, పెచ్చులూడుతున్న ఆ భవనం గోడలకు పూత వెయ్యడానికి 1907లో ఒక యంత్రం తయారుచేశాడు. గాలి ఒత్తిడితో సిమెంటు, ఇసుక చిమ్మే ఆ గొట్టానికి 1911లో పేటెంటు వచ్చింది. గునైట్ అనే పేరు దాని నుంచి పుట్టిందే. సెంట్రింగు చెక్కలు లేకుండా, తవ్విన గుంట మీదే ఇనుము అల్లి కాంక్రీటు చిమ్మే వీలు కలిగేసరికి కొలను ఏ వంపైనా తిరగ్గలిగింది. కాలిఫోర్నియాలోని సొనోమాలో తోటల రూపశిల్పి థామస్ చర్చ్ 1948లో డోనెల్ కుటుంబానికి చేసిన జీడిపప్పు ఆకారపు కొలను ఆ స్వేచ్ఛకు గుర్తుగా నిలిచి, వేల పెరళ్లలో నకళ్లకు దారితీసింది.

యుద్ధానంతరం ప్లాస్టిక్ చవకయ్యాక వినైల్ లైనర్ వచ్చింది. పడవలు చేసే ఫైబర్‌గ్లాసు 1950ల నాటికి తొట్టెల రూపంలో పెరట్లోకి దిగింది. ఆపైన ఏ ప్రాంతం తనకు తగిన పక్షం అది ఎంచుకుంది. నీరు గడ్డకట్టే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఫ్రాన్సులో లైనర్‌కు ఆదరణ దొరికింది. ఆస్ట్రేలియాలో ఫైబర్‌గ్లాసు బలపడింది. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాల్లో కాంక్రీటుదే రాజ్యం. మన దగ్గర ఎంపికే లేకపోయింది. సంపు కట్టే మేస్త్రి, ఓవర్‌హెడ్ ట్యాంకు పోసే కాంట్రాక్టరు ఊరూరా ఉన్నారు కాబట్టి పూల్ కూడా వాళ్ల చేతికే వెళ్లింది. ఫైబరు, లైనర్ గట్టి పోటీదారులుగా కనబడడం ఇటీవలి సంగతే.

కాంక్రీటు పక్షం

కాంక్రీటుకున్న మొదటి బలం స్వేచ్ఛ. స్థలం వంకరగా ఉన్నా, మూలలో చెట్టు అడ్డమున్నా, ఒకవైపు పిల్లలకు అడుగున్నర లోతు కావాలన్నా దానికి ఇబ్బంది లేదు. రెండో బలం పనివాళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత టైలు ఊడినా అతికించే మనిషి ఆ ఊళ్లోనే దొరుకుతాడు.

అయితే "ఆర్‌సీసీ అంటే కారదు" అన్న నమ్మకం మాత్రం పొరపాటు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, సన్న పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్ల వెడల్పును అదుపులో ఉంచడానికే నీటి కట్టడాలకు ప్రత్యేకంగా ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ఉంది. అది ఆర్‌సీసీకి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు అడుగుతుంది. ఇంటి శ్లాబుకు వాడే ఎం20, ఎం25 మిశ్రమంతోనే పూల్ కూడా పోసేయడం మన దగ్గర తరచు జరిగే తప్పు. అడుగు ఒకరోజు, గోడలు వారం తర్వాత పోస్తారు. ఆ రెండింటి మధ్య అతుకులో వాటర్ స్టాపర్ పట్టీ పెట్టకపోతే నీరు దారి వెతుక్కునేది అక్కడే. పైపులు, లైట్లు గోడను చీల్చుకుని వచ్చే చోట్లు మరో బలహీనత. కాంక్రీటు పోశాక అక్కడ సుత్తితో కన్నం కొట్టి పైపు దూర్చే అలవాటును ఏ వాటర్‌ప్రూఫింగూ కాపాడలేదు.

చిమ్మిన కాంక్రీటా, సెంట్రింగు కట్టి పోసినదా అన్నది ఈ పక్షంలోని లోపలి తగాదా. చిమ్మితే గోడా అడుగూ ఒకే ముద్దగా వస్తాయి, అతుకు బాధ తప్పుతుంది. కానీ గొట్టం పట్టేవాడి నైపుణ్యమే అక్కడ సర్వస్వం. చిమ్మినప్పుడు ఎగిరిపడే రాలుడును తీసెయ్యకుండా మూలల్లో కూరితే గోడ లోపల గుల్లలు ఏర్పడతాయి. ఆ పని తెలిసిన జట్టు లేని ఊళ్లో ఒక చిన్న ఇంటి కొలను కోసం దానికి పట్టుబట్టడం వృథా. మంచి షట్టరింగు, ఆగకుండా పోత, కనీసం రెండు వారాల క్యూరింగు ఉంటే పోసిన ఆర్‌సీసీ చాలు.

టైలు అతికించే ముందు నీళ్లు నింపి వారంపాటు స్థాయి గమనించడం అన్నింటికన్నా చవకైన పరీక్ష. తొందరలో ఎక్కువగా ఎగిరిపోయేదీ అదే.

ఫైబర్‌గ్లాసు పక్షం

ఈ తొట్టి కర్మాగారంలో తయారవుతుంది. అచ్చు మీద ముందు నునుపైన జెల్‌కోటు, దాని వెనక రెసిన్‌లో తడిపిన గాజునార పొరలు వేస్తారు. అతుకుల్లేవు, టైళ్ల మధ్య సందుల్లేవు, నాచు పట్టుకోవడానికి గరుకు తలం లేదు. అందువల్ల క్లోరిన్ వాడకం, రుద్దే శ్రమ కొంత తగ్గుతాయి. కాంక్రీటుకు మూడు, నాలుగు నెలలు పట్టే చోట ఇది వారాల్లో పూర్తవుతుంది.

దీని పరిమితులు రోడ్డు మీద మొదలవుతాయి. లారీ మీద రావాలి కనుక వెడల్పుకు హద్దుంది. అమెరికా హైవేల మీద కూడా సుమారు 16 అడుగుల దగ్గర ఆగిపోతుంది. మన కాలనీల్లో కరెంటు తీగలు, మలుపులు, ఎదురింటి కారు కలిసి ఆ హద్దును ఇంకా కిందికి లాగుతాయి. ఇల్లు కట్టడం పూర్తయ్యాక పూల్ ఆలోచన వస్తే క్రేను ఎక్కడ నిలబడుతుందన్నదే అసలు ప్రశ్న.

నాణ్యత భేదం కంటికి కనిపించదు. జెల్‌కోటు వెనక మొదటి పొరకు వినైల్ ఈస్టర్ రెసిన్ వాడారా, మామూలు పాలిస్టర్‌తో సరిపెట్టారా అన్నదాని మీద ఏళ్ల తర్వాత పొక్కులు రావడం ఆధారపడుతుంది. తొట్టి లోపల నీళ్లు నింపుతూ, అదే ఎత్తుకు బయట కంకర పోసుకుంటూ రావాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే గోడ ఉబ్బుతుంది లేదా లోపలికి వంగుతుంది. చుట్టూ ఇసుకా, శుభ్రమైన చిన్న కంకరా అనే వాదన విదేశాల్లో చాలాకాలంగా నడుస్తోంది. నీరు తగిలితే జారే గుణం ఇసుకకు ఉంది కాబట్టి మన వానలకు కంకర వైపే మొగ్గాలి. తవ్విన మట్టినే తిరిగి కప్పేస్తామనే వాళ్లకు పని ఇవ్వకపోవడం మేలు.

లైనర్ పక్షం

ఇక్కడ బలం గోడది, నీరు ఆపే బాధ్యత పొరది. గోడ ఇటుక కావచ్చు, కాంక్రీటు బ్లాకు కావచ్చు, జింకు పూత ఉక్కు పలకలు కావచ్చు. లోపల అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు మందం వినైల్ సంచీ వేస్తారు, లేదా ఒకటిన్నర మిల్లీమీటరు మందపు అల్లిక పీవీసీని అక్కడే వేడితో అతుకుతారు. రెండింటినీ లైనర్ అనే పిలుస్తారు కానీ మన్నికలో పోలిక లేదు. ఇటలీ పద్ధతిలో స్టీలు పలకలు, పీవీసీ పొర కలిపి పోటీ ఈతకొలనులే కడుతున్నారు కాబట్టి ఈ పక్షాన్ని చవకబారుదని కొట్టిపారెయ్యలేం.

పల్చటి సంచీ మాత్రం పదేళ్ల సుమారుకు మార్చాల్సిందే. నీటిమట్టానికి పైన ఎండ తగిలే అంచు ముందుగా పెళుసవుతుంది. కుక్క గోళ్లు, గిన్నెలు తోమే పీచు, పిల్లల బొమ్మల మొనలు దానికి శత్రువులు. బయటి నుంచి ఊట వస్తే పొర వెనక నీరు చేరి అడుగున బుడగలా లేస్తుంది. అప్పుడు చిరుగు లేకపోయినా ముడతలు పడిపోతాయి. ఇన్ని ఉన్నా ఒక సందర్భంలో దీనికి సాటి లేదు. ఇప్పటికే కట్టి, ఏళ్లుగా కారుతూ, టైళ్లు పీకి మూడుసార్లు పూతలు పూసినా ఆగని ఆర్‌సీసీ పూల్‌ను బాగుచెయ్యాలంటే లోపల మందపు పీవీసీ పొర వెయ్యడమే తేలిక దారి. కాంక్రీటువాదులు బయటికి ఒప్పుకోరు గానీ చాలా పాత కొలనులు చివరికి ఇలాగే బతుకుతున్నాయి.

నేల చెప్పే తీర్పు

మూడు పక్షాల బ్రోషర్లలోనూ చోటు దొరకని సంగతి ఇది. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతున్న ఇంటి కొలను తీసుకుందాం. లోపల పట్టే నీరు 1,296 ఘనపుటడుగులు, అంటే సుమారు 36,700 లీటర్లు. నిండుగా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. ఖాళీ చేసినప్పుడు చుట్టూ నేలలో నీరుంటే, ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కిపట్టినట్టే, భూమి దాన్ని పైకి తోస్తుంది.

ఫైబర్‌గ్లాసు తొట్టి బరువు టన్ను, టన్నున్నర. లెక్క ప్రకారం అడుగున రెండు, మూడు అంగుళాల నీరు చేరినా అది తేలిక వస్తువే. చుట్టూ కంకర పట్టు, అంచున కాంక్రీటు కాలరు ఆపుతాయి కాబట్టి వెంటనే లేవదు. "అందుకే కాంక్రీటు, బరువుకి కదలదు" అంటారు. లెక్క వేసి చూడాలి. ఎనిమిది అంగుళాల మందంతో గోడలు, అడుగు పోస్తే మన కొలను కాంక్రీటు 12.7 ఘనమీటర్లు, బరువు సుమారు 32 టన్నులు. నేల అంచు దాకా నీరు నిలిస్తే అది పక్కకు తోసే నీటి బరువు 49 టన్నులు. టైళ్లు, మోర్టారు కలిపినా తేడా పూడదు. భూగర్భజలం నేలకు రెండడుగుల దగ్గరికి వస్తే చాలు, ఖాళీ ఆర్‌సీసీ కొలను కూడా తేలే స్థితికి చేరినట్టే. మట్టి రాపిడి కొంత ఆపుతుంది నిజమే, కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ డిజైను చెయ్యరు. అడుగు శ్లాబును గోడల బయటికి అడుగున్నర, రెండడుగులు పొడిగిస్తే ఆ అంచు మీద కూర్చున్న మట్టి బరువు తోడవుతుంది. పోసేటప్పుడు అయ్యే ఖర్చు తక్కువ, తర్వాత చేర్చే వీలు లేదు.

కోనసీమలో, కృష్ణా డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలిన నెలల్లో నాలుగైదు అడుగులకే ఊట తగిలే ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ పై లెక్క కాగితం మీది భయం కాదు. పైగా మనకో అలవాటుంది. నీళ్లు ఆకుపచ్చగా మారగానే మందు వేసి తేటపరచకుండా మొత్తం తోడేస్తారు. నాచు ఎక్కువగా పట్టేది వానాకాలంలో, భూగర్భజలం పైకి ఉండేదీ వానాకాలంలోనే.

కొండ మీద ఉన్నాం, మాకేం ఊట అని హైదరాబాదువాళ్లు ధీమా పడడానికీ లేదు. గచ్చిబౌలి, నార్సింగి, జూబ్లీహిల్స్ వైపు కొన్ని అడుగులకే షీట్ రాక్ తగులుతుంది. ఆ రాతిలో తవ్విన గుంటకు ఇంకే దారి ఉండదు. చుట్టుపక్కల వాన నీరంతా కొలనుకూ రాతికీ మధ్య సందులో చేరి నిలుస్తుంది, కొండ మీది పూల్ కూడా ఒత్తిడికి లోనవుతుంది. గుంట అడుగు నుంచి పల్లానికి ఒక డ్రైను పైపు వదిలితే ఈ బాధ పోతుంది. ఆ పైపు గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ఇక ఆ రాతిని తవ్వడం మరో బాధ: ఇళ్ల మధ్య పేలుళ్లు కుదరవు గనుక బ్రేకరు పెట్టి కొట్టాలి. తవ్వకం ఖర్చే తొట్టి ఖర్చుతో పోటీ పడుతుంది. అలాంటి చోట రెండడుగులు నేల మీదికి లేపి, చుట్టూ మెట్లలా అరుగు కట్టడం తెలివైన పని. కొంత రాయి, కొంత మట్టి మీద కూర్చునే కొలను ఒకవైపే కుంగి చీలుతుంది కాబట్టి అడుగంతా ఒకే రకం పరుపు ఉండేలా చూసుకోవాలి.

నల్లరేగడి మరో కథ. వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి దూరేంత బీటలు వారుతుంది. ఈ కదలిక పైనుంచి మూడు మీటర్ల పైచిలుకు లోతు దాకా ఉంటుంది. ఇంటి కొలను లోతు ఒకటిన్నర మీటరే, అంటే కదిలే మట్టి మధ్యలోనే అది కూర్చుంటుంది. కారడం మొదలైతే ఆ నీటికే చుట్టూ రేగడి ఉబ్బి గోడను నొక్కుతుంది, పగులు పెరుగుతుంది, ఇంకా కారుతుంది. బొంబాయి ఐఐటీలో ఆచార్య ఆర్.కె. కట్టి ఉబ్బని బంకమట్టి పొరను రేగడికీ కట్టడానికీ మధ్య వేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. కాలువల లైనింగుకు పేరు తెచ్చిన ఆ సూత్రం కొలనుకూ వర్తిస్తుంది. రేగడిని గుంట కన్నా వెడల్పుగా తీసేసి, మొరం దట్టించి, చుట్టూ వాన నీరు ఇంకకుండా ఏప్రాన్ పోయాలి. డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకూ ఇదే గొడవ. అక్కడి బంకమట్టి కూడా ఉబ్బే జాతే. మా తొట్టి మట్టితోపాటు వంగి సర్దుకుంటుందని ఫైబరువాళ్లు, మేం కాంక్రీటు స్తంభాలు (పియర్లు) దించి కదలకుండా నిలబెడతామని కాంక్రీటువాళ్లు అక్కడా వాదించుకుంటున్నారు. రెండూ నిలుస్తాయి, చుట్టూ తేమ నిలకడగా ఉంచితే.

విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లో ఉప్పుగాలి, ఉప్పునీటి ఊట ఇనుమును తినేస్తాయి. ఇనుము మీద కాంక్రీటు కవరు తగ్గనివ్వకూడదు. స్లాగు సిమెంటు మేలు. ఉక్కు పలకల గోడలకు ఆ నేల అనువు కాదు.

నీళ్లు, ఉప్పు, కరెంటు

మన కొలను నింపాలంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఏడెనిమిది కావాలి. రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే రెండు వందల లీటర్ల పైన తగ్గుతుంది. కారుతోందా, ఆవిరవుతోందా అని తేల్చుకోవడానికి బకెట్ నిండా నీళ్లు పోసి మెట్టు మీద పెట్టి, మర్నాడు రెండింటి తరుగు పోల్చితే చాలు. సమానంగా తగ్గితే ఎండ పని, కొలనులోనే ఎక్కువ తగ్గితే కన్నం ఎక్కడో వెతకాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఈతకొలనులకు తాగునీరు వాడకూడదని నిషేధించి, మీరితే ఐదువేల రూపాయల జరిమానా పెట్టింది. ఏ నగరానికైనా అలాంటి వేసవి రావచ్చు. నీళ్లు దొరకని రెండు నెలలు ఎండిపోయి ఉండాల్సి వస్తే తట్టుకోవడం పక్షాన్ని బట్టి మారుతుంది. ఎండిన లైనర్ కుంచించుకుపోయి మళ్లీ సరిగా కూర్చోదు, ఫైబరు తొట్టి గోడలకు లోపలి ఆసరా పోతుంది. ఊట లేని చోట కాంక్రీటు ఓర్చుకుంటుంది.

బోరు నీటిలో సున్నపు అంశం ఎక్కువైతే టైళ్ల మీద తెల్లని పొర కడుతుంది. మరీ మెత్తని నీరైతే సిమెంటు పూతనూ టైళ్ల సందుల్లోని గ్రౌటునూ తినేస్తుంది. ఫైబరు, లైనర్‌లకు ఈ రెండో బాధ లేదు. పీహెచ్ 7.2, 7.8 మధ్య నిలపడం మాత్రం అన్నిటికీ తప్పదు.

ఉప్పు పద్ధతిలో క్లోరిన్ ఉండదన్న ప్రచారం అబద్ధం. లీటరుకు మూడు, నాలుగు గ్రాముల ఉప్పు కలిపిన నీటిలోంచి కరెంటుతో క్లోరిన్‌నే పుట్టిస్తారు. మన కొలనుకు వంద కిలోల పైన ఉప్పు పడుతుంది. కళ్లు మండడం తగ్గుతుంది, డబ్బాల మోత తప్పుతుంది. స్టీలు నిచ్చెన, మెత్తటి రాతి అంచు, లైనర్ వెనక ఉక్కు గోడ దాని ధర చెల్లిస్తాయి. ఇక ఒక హార్స్‌పవరు పంపు రోజుకు 8 గంటలు తిరిగితే నెలకు రెండు వందల పైచిలుకు యూనిట్లు. తొట్టి రకంతో సంబంధం లేని ఈ ఖర్చు కొటేషన్లలో కనిపించదు.

పక్కపక్కన పెడితే

మొదటి ఏడాది లెక్కలో లైనర్ చవక, ఫైబరు నడిమి, టైళ్లు వేసిన ఆర్‌సీసీ పైన. పాతికేళ్ల లెక్కలో ఈ వరుస కలగాపులగమవుతుంది. లైనర్ రెండుసార్లు మారుతుంది, ఆర్‌సీసీకి ఒకసారైనా టైళ్లు, గ్రౌటు పని పడుతుంది, ఫైబరు జెల్‌కోటు వెలిసి మెరుగు కోరుతుంది. ఆకారం, లోతు మన ఇష్టంగా కావాలంటే కాంక్రీటు. వేగం, రోజువారీ తేలిక కావాలంటే ఫైబరు. రిపేరు ఊళ్లోనే జరగాలంటే మళ్లీ కాంక్రీటే. ఫైబరు పగిలితే అతికే మనిషి హైదరాబాదులో దొరుకుతాడు గానీ నరసరావుపేటలో దొరకడం కష్టం. పాత కొలను బాగుకు లైనర్. ఖాళీ చేస్తే వచ్చే ప్రమాదం ఫైబరుకు ఎక్కువ, లైనర్‌కు వేరే రూపంలో ఉంటుంది, కాంక్రీటుకు తక్కువే గానీ లేకపోలేదు.

భద్రత మాత్రం ఏ రకానికైనా ఒకటే. అడుగున ఒకే పీల్చే కన్నం ఉంటే పిల్లల జుట్టో, శరీరమో దానికి అతుక్కుపోతుంది. 2002లో అలా చనిపోయిన ఒక పాప పేరున అమెరికా 2007లో చట్టమే చేసింది. దూరదూరంగా రెండు డ్రైనులు, ఉబ్బెత్తు మూతలు ఉండాలి. నీటి లోపలి లైట్లు 12 వోల్టులవి, లైనుకు కరెంటు లీకైతే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండాలి. ఆస్ట్రేలియాలో ఇంటి కొలను చుట్టూ 1.2 మీటర్ల కంచె తప్పనిసరి. మన విల్లాల్లో అందం చెడుతుందని దాన్నే ముందు తీసేస్తారు.

ఇంకా తేలనివి

అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వు పెట్టాలా అన్నది మొదటిది. ఊట ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని బయటి నీటిని లోపలికి వదిలి కొలనును కాపాడుతుంది. ఇసుక రేణువు ఇరుక్కుంటే మూసుకోక కొలను నీటిని బయటికి కార్చేస్తుందని వద్దనేవాళ్లున్నారు. కొలను పక్కన అడుగుదాకా ఒక పైపు దించి, అందులో నీటిమట్టం చూసి, కావాలంటే చిన్న మోటారుతో తోడేయడం మరో దారి. డెల్టాలో రెండూ పెట్టడమే క్షేమం. ఎత్తు ప్రదేశాల్లో పైపు ఒక్కటి చాలు.

రెండోది వాటర్‌ప్రూఫింగు. కాంక్రీటులోనే స్ఫటికాలు పెరిగి పగుళ్లు పూడ్చే పొడి కలపాలా, పైన సాగే పూత పూయాలా, రెండూనా? స్ఫటికాల పొడి సన్న పగుళ్లను పూడుస్తుంది, కదిలే పగులును ఆపలేదు. సాగే పూత కదలికను భరిస్తుంది గానీ వెనక నుంచి ఊట తోస్తే ఊడుతుంది. రెండు వైపులా ఒత్తిడి ఉండే కొలనులో ఏది గెలుస్తుందో ఒక్క మాటలో చెప్పే ఇంజనీరు కనబడడు.

మూడోది మన ఎండ. 45 డిగ్రీల వేసవుల్లో ముదురు రంగు జెల్‌కోటు పాతికేళ్లు నిలుస్తుందన్న హామీని నిరూపించేంత వయసు మన దగ్గరి ఫైబరు కొలనులకు ఇంకా రాలేదు. హామీ పత్రంలో తొట్టి బలానికి ఎన్నేళ్లు, పై పూతకు ఎన్నేళ్లు అని విడివిడిగా చదవాలి. రంగు లేతదే మంచిది.

నాలుగోది, 1980ల్లో ఆస్ట్రియాలో మొదలైన సహజ కొలను. కొలనులో సగం దాకా మొక్కలకు వదిలి, క్లోరిన్ లేకుండా వేళ్లూ సూక్ష్మజీవులతో నీటిని శుభ్రపరిచే పద్ధతి. వినడానికి బాగుంటుంది. దోమలు, నులివెచ్చని నీళ్లు ఉన్న చోట అది ఎంతవరకు నమ్మదగ్గదో తేలకుండా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

ఇప్పటికి చెప్పగల తీర్పు ఇంతే. రాతి నేల మీద, వంకర స్థలాల్లో, చిన్న పట్టణాల్లో ఐఎస్ 3370 ప్రకారం కట్టిన ఆర్‌సీసీ. క్రేను వచ్చే ఫామ్‌హౌసుల్లో, ఎర్రనేలల మీద, రోజూ చూసుకునే మనిషి లేని చోట వినైల్ ఈస్టర్ పొరతో చేసిన ఫైబరు తొట్టి. పాత కొలనుల బాగుకు మందపు పీవీసీ. డెల్టాలో ఏదైనా సరే, తేలకుండా బరువు లెక్క చూశాకే. మట్టి పరీక్ష చేయించండి, అదీ మే నెలలో కాదు, సెప్టెంబరులో గుంట తీసి నీరెక్కడ తగులుతుందో చూడండి. అడ్వాన్సు ఇచ్చే ముందు కాంట్రాక్టరును ఒక్కటే అడగండి: వానాకాలంలో ఈ కొలను ఖాళీ చేస్తే పైకి లేస్తుందా? జవాబు నోటితో కాదు, లెక్క వేసిన కాగితం మీద ఇవ్వమనండి. కాగితం ఇవ్వలేనివారికి పని ఇవ్వకండి.